గాలం సామగ్రి: దారంతో మొదలుపెట్టి అమర్చుకునే పద్ధతి

కొత్తగా గాలం వేయాలనుకునేవాళ్ళు ముందు రాడ్ కొంటారు, తరవాత దానికి నప్పుతుందనిపించిన రీల్ కొంటారు, దారం మాత్రం చేతికి ఏది వస్తే అది చుట్టేస్తారు. ఈ వరస తిరగబడాలి. నీళ్ళలోని చేపకూ మన చేతికీ మధ్య ఉండేది దారమే. అది ఎంత బరువుకు తెగుతుందో ముందు తేల్చుకుంటే రాడ్ ఎంత గట్టిది కావాలి, రీల్ ఎంత పెద్దది కావాలి, గాలం ఏ సైజు, గుండు ఎంత బరువు అన్నవి ఒకదాని వెంట ఒకటి తేలిపోతాయి.

పెద్ద చేప తగిలినప్పుడు ఈ వరసలో ఏదో ఒకటి లొంగక తప్పదు. ఏది ముందు లొంగాలో ఒడ్డున కూర్చుని అమర్చుకునేటప్పుడే నిర్ణయించుకోవాలి. మొదట రీల్‌లోని డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగితే దారాన్ని వదిలే బ్రేకు, జారాలి. అదీ చాలకపోతే గాలం దగ్గరి పొట్టి దారం, అంటే లీడర్, తెగాలి. అసలు దారం, రాడ్ మిగలాలి. కింద చెప్పే కొలతలన్నీ ఈ క్రమాన్ని కాపాడేవే. మంచినీటి ఒడ్డున నిలబడి మూడు కిలోల లోపు చేపల కోసం గాలం వేసేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన కొలతలివి. సముద్రానికీ భారీ చేపలకూ అంకెలు మారతాయి గానీ పద్ధతి మారదు.

దారం ఎంపిక

దారం ఉండ మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి మందం, మిల్లీమీటర్లలో. రెండోది తెగే బలం, కిలోల్లోనో పౌండ్లలోనో. ఒక పౌండు అంటే 0.45 కిలో. మొదటి దారంగా 0.25 నుంచి 0.28 మి.మీ. మందం, 8 నుంచి 10 పౌండ్ల బలం, అంటే 3.6 నుంచి 4.5 కిలోల బలమున్న ఒంటిపోగు నైలాన్ దారం తీసుకోండి. లెక్క తేలిగ్గా ఉండటానికి దీన్ని నాలుగు కిలోల దారం అనుకుందాం.

నైలాన్‌నే ఎందుకు? అది సాగుతుంది. చేప ఒక్కసారిగా తల విదిలించినప్పుడు ఆ కుదుపును దారమే మింగేస్తుంది. కొత్తవాళ్ళ చేతి తొందరపాటును కూడా అదే సర్దుకుంటుంది. ముడి తేలిగ్గా బిగుస్తుంది, చిక్కుపడితే విప్పుకోవచ్చు. లోపాలూ ఉన్నాయి. నీళ్ళు పీల్చుకుని కాస్త బలం తగ్గుతుంది, ఎండలో పాడవుతుంది, చాలాకాలం స్పూల్ (రీల్‌లో దారం చుట్టుకునే భాగం) మీదే ఉంటే స్ప్రింగులా చుట్టలు తిరిగిపోతుంది.

అల్లిన దారం, అంటే బ్రెయిడ్, అదే బలానికి నైలాన్ కంటే చాలా సన్నంగా ఉంటుంది. దాదాపు సాగదు. చేప ఎరను ముట్టుకున్నా వేలికి తెలుస్తుంది. కానీ ఆ సాగకపోవడమే తొలిరోజుల్లో సమస్య. డ్రాగ్ కొంచెం ఎక్కువ బిగించినా గాలం చేప నోరు చీల్చుకుని బయటికి వచ్చేస్తుంది. గాలివాటుకు పడిన చిక్కును విప్పడం కంటే కత్తిరించడమే సులువు. పైగా అది వేళ్ళు కోస్తుంది. విసరడం, డ్రాగ్ బాగా అలవాటయ్యాక దాని జోలికి వెళ్ళండి.

ఫ్లోరోకార్బన్ మూడో రకం. కాంతిని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం నీటికి 1.33, ఫ్లోరోకార్బన్‌ది 1.42, నైలాన్‌ది 1.5 పైన. ఫ్లోరోకార్బన్ అంకె నీటి అంకెకు దగ్గర, అందుకే అది నీళ్ళలో తక్కువగా కనిపిస్తుంది. బరువుగా ఉండి త్వరగా మునుగుతుంది, రాళ్ళ రాపిడికి తట్టుకుంటుంది. బిరుసుగా ఉంటుంది కాబట్టి స్పూల్ నిండా చుట్టేకంటే గాలం దగ్గర అర మీటరు లీడర్‌గా వాడుకోవడం మంచిది. లేదంటే లీడర్‌కు కూడా నైలానే చాలు. బలం మాత్రం అసలు దారం కంటే తక్కువ ఉండాలి. నాలుగు కిలోల దారానికి మూడు కిలోల లీడర్.

రాడ్

పిడికి కాస్త పైన చిన్న అక్షరాలతో రాసి ఉన్నది చదవండి. పొడవు, ఎంత బరువు విసరవచ్చు, ఏ బలం దారం వాడవచ్చు అన్న మూడూ అక్కడే ఉంటాయి. నాలుగు కిలోల దారానికి 2.1 మీటర్ల పొడవు, 10 నుంచి 30 గ్రాములు విసరగల మధ్యస్థ రాడ్ సరిపోతుంది. ఈ గ్రాముల్లో గుండు, బెండు, ఎర అన్నీ కలిసి వస్తాయి. 10 గ్రాముల కంటే తక్కువ కడితే రాడ్ వంగదు, ఎర దూరం పోదు. 30 దాటితే విసిరేటప్పుడే కొన విరగవచ్చు.

ఫైబర్‌గ్లాస్ రాడ్ బరువెక్కువ, మొరటుదనాన్ని ఓర్చుకుంటుంది. కార్బన్ రాడ్ తేలిక, చేతికి స్పర్శ బాగా తెలుస్తుంది, కానీ రాయికి తగిలి చిన్న గీత పడినా తరవాతెప్పుడో అక్కడే విరుగుతుంది. మొదటి రాడ్‌గా రెండూ కలిపి చేసిన రకం మేలు. ముక్కల విషయానికొస్తే, లోపలికి ముడుచుకునే టెలిస్కోపిక్ రాడ్ కంటే రెండు ముక్కలది ఎక్కువ కాలం మన్నుతుంది.

కొనేముందు ఒక్క పరీక్ష చేయండి. దూదిని రాడ్ మీద దారం దూరే ప్రతి రింగు లోపలా తిప్పి తీయండి. పోగులు చిక్కుకుంటే ఆ రింగులో పగులు ఉన్నట్టు. ఆ పగులు కంటికి కనిపించకపోయినా విసిరిన ప్రతిసారీ దారాన్ని గీరుతూనే ఉంటుంది.

రీల్

మొదలుపెట్టేవాళ్ళకు రాడ్ కింద వేలాడే స్పిన్నింగ్ రీల్ సరైనది. రాడ్ పైన కూర్చునే బెయిట్‌కాస్టర్ రీల్‌లో విసిరేటప్పుడు స్పూలే తిరుగుతుంది. ఎర వేగం తగ్గినా స్పూల్ తిరుగుతూ ఉంటే దారం గూడులా ఉబ్బి చిక్కుపడిపోతుంది. స్పిన్నింగ్ రీల్‌లో స్పూల్ కదలదు, దారం దాని అంచు మీంచి జారిపోతుంది. అందుకే ఆ బాధ లేదు.

సైజు 2500 లేదా 3000 తీసుకోండి. ఇది చాలా కంపెనీలు వాడే అంకె. పెద్దదైతే రీల్ పెద్దదని అర్థం. స్పూల్ మీద దారం మందం, ఎన్ని మీటర్లు పడుతుందో ముద్రించి ఉంటుంది. 0.25 మి.మీ. దారం కనీసం 150 మీటర్లు పట్టాలి. 5.2:1 అని రాసి ఉంటే హ్యాండిల్ ఒక్కసారి తిప్పినప్పుడు, దారాన్ని స్పూల్ చుట్టూ చుట్టే రోటర్ 5.2 సార్లు తిరుగుతుందని అర్థం. ఈ అంకె గుర్తుంచుకోండి, దారం మెలికల దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

రీల్ భాగాల్లో మూడింటి పేర్లు తెలిస్తే చాలు. దారాన్ని పట్టి స్పూల్ మీద చుట్టే వంపు తీగ బెయిల్. ఆ తీగ చివర దారం ఆనుకుని దొర్లే చిన్న చక్రం లైన్ రోలర్. స్పూల్ ముందున్న మర డ్రాగ్. చేప లాగినప్పుడు దారం ఎంత బరువుకు జారాలో నిర్ణయించేది అదే. హ్యాండిల్‌ను చాలా రీళ్ళలో కుడి పక్క నుంచి ఎడమ పక్కకు మార్చుకోవచ్చు. కుడిచేతి వాటం వాళ్ళు రాడ్ కుడిచేత్తో పట్టుకుని ఎడమచేత్తో తిప్పుకుంటే విసిరాక చేయి మార్చే పని తప్పుతుంది.

రాడ్, రీల్ బిగించడం

రెండు ముక్కల రాడ్‌లో పై ముక్క రింగులను కింది ముక్క రింగులకు కొంచెం పక్కకు ఉంచి దూర్చి, మెల్లగా తిప్పుతూ అన్నీ ఒకే గీతలోకి తేండి. నొక్కి దూర్చితే తరవాత ఊడదు. రింగులను పట్టుకుని తిప్పకండి, వాటి కట్టు వదులవుతుంది. టెలిస్కోపిక్ అయితే కొన వైపు ముక్కతో మొదలుపెట్టి ఒక్కొక్కటే లాగండి. మూసేటప్పుడు పిడి పక్కనున్న లావు ముక్కతో మొదలుపెట్టండి.

రీల్ పాదాన్ని పిడి మీది గాడిలో పెట్టి మర బిగించండి. పట్టుకుని ఊపితే కదలకూడదు. చేప లాగుతున్నప్పుడు రీల్ కాస్త కదిలినా మర ఇంకా వదులవుతూ పోతుంది.

స్పూల్ మీద దారం చుట్టడం

నీళ్ళ దగ్గర వచ్చే చిక్కుల్లో సగం ఇక్కడే పుడతాయి. అరగంట పట్టినా తొందరపడకండి.

1. దారం కొసను రాడ్ కొన వైపు నుంచి మొదలుపెట్టి రింగులన్నిటి లోంచి రీల్ దాకా తీసుకురండి.

2. ముడి వేయకముందే బెయిల్ ఎత్తండి. దీన్ని మరచిపోయి ముడి వేస్తే దారం బెయిల్‌లోకి రాదు, హ్యాండిల్ ఎంత తిప్పినా చుట్టుకోదు. ముడి విప్పి మళ్ళీ వేయాల్సిందే.

3. దారాన్ని స్పూల్ చుట్టూ తిప్పి, కింద వివరించిన యూని ముడి మూడు నాలుగు చుట్లతో వేసి బిగించండి. అల్లిన దారమైతే నున్నటి స్పూల్ మీద మొత్తం చుట్టే గుండ్రంగా జారిపోతుంది. అడుగున అయిదారు మీటర్లు నైలాన్ చుట్టి దానికి ముడి వేయండి.

4. దారపు ఉండను లేబుల్ పైకి ఉండేలా నేల మీద పడుకోబెట్టండి. బెయిల్ మూసి, దారాన్ని రీల్ ముందు తడిగుడ్డతో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, 20 సార్లు చుట్టి ఆపండి.

5. ఇప్పుడు రాడ్ కొనను ఉండ వైపు అర మీటరు దించి దారాన్ని వదులు చేయండి. అది అలాగే వేలాడితే సరే. తనకు తానే మెలితిరిగి జడలా పెనవేసుకుంటే ఉండను తిరగేసి లేబుల్ కిందికి పెట్టండి. ఉండ మీంచి దారం ఊడే దిశ, బెయిల్ తిరిగే దిశ ఎదురెదురైతే ప్రతి చుట్టులోనూ ఒక మెలిక లోపలికి పోతుంది.

6. తడిగుడ్డ పట్టు వదలకుండా మిగతాది చుట్టండి. వదులుగా చుట్టిన దారంలోకి పై వరసలు కూరుకుపోతాయి. విసిరినప్పుడు అవి కిందివాటితో కలిసి గుత్తులుగా ఊడివస్తాయి.

7. స్పూల్ అంచుకు 2 నుంచి 3 మి.మీ. కింద ఆపండి. నిండుగా చుట్టాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. అంచు దాకా నింపితే దారం దానంతటదే చుట్టలు చుట్టలుగా జారి మొదటి రింగు దగ్గర ముద్దగా తయారవుతుంది. తక్కువ చుట్టితే దారం ఎత్తైన అంచుకు రాసుకుంటూ పోవాలి, ఆ రాపిడికి ఎర దగ్గర్లోనే పడుతుంది.

రెండు ముడులు చాలు

ముడుల పుస్తకం తిరగేస్తే వందలు కనిపిస్తాయి. యూని, పాలోమార్ అనే రెండు ముడులు కళ్ళు మూసుకుని వేయగలిగితే అన్నీ అయిపోతాయి. ఇంట్లో లావు తాడుతో, పెద్ద ఉంగరం లాంటి దానితో సాధన చేసి, తరవాత అసలు దారంతో వేయండి.

యూని ముడి. గాలం కన్నులోంచి 15 సెం.మీ. దారం దూర్చి వెనక్కి మడిచి అసలు దారం పక్కనే పెట్టండి. కొసను మళ్ళీ కన్ను వైపు తెచ్చి ఒక ఉచ్చు చేయండి. ఆ కొసను ఉచ్చు లోంచి తీస్తూ రెండు పోగుల చుట్టూ అయిదారు సార్లు చుట్టండి. అల్లిన దారానికి ఏడెనిమిది చుట్లు కావాలి. కొస లాగితే చుట్లు దగ్గరికి వస్తాయి. తడిపి, అసలు దారం లాగితే ముడి జారి కన్నును ఆనుకుంటుంది. గట్టిగా బిగించి కొస 2 మి.మీ. వదిలి కత్తిరించండి. ఇదే ముడి స్పూల్‌కూ, రెండు చివరలా కన్నులుండి గిరగిర తిరిగే చిన్న లోహపు కీలైన స్వివెల్‌కూ పనికొస్తుంది. రెండు దారాలను కలపాలంటే రెండువైపులా ఒకదానిమీద ఒకటి యూని వేసి లాగితే అవి మధ్యలో కలుసుకుంటాయి.

పాలోమార్ ముడి. 15 సెం.మీ. దారాన్ని రెండు పోగులుగా మడిచి, ఆ మడతను కన్నులోంచి దూర్చండి. రెండు పోగులతో కలిపి ఒక మామూలు ముడి వదులుగా వేయండి. గాలం ఆ ముడి కింద వేలాడుతుంటుంది. మడత చివరను గాలం మీంచి మొత్తం దాటించండి. తడిపి, రెండు పోగులూ కలిపి లాగండి. వేయడం తేలిక, బలం ఎక్కువ. అల్లిన దారానికి ఇదే నమ్మకమైనది. మడత దాటించేటప్పుడు పోగులు ఒకదానిమీద ఒకటి అడ్డంగా పడితే అవి ఒకదాన్నొకటి కోసుకుంటాయి కాబట్టి బిగించేముందు సర్దుకోండి.

తడపడం అని రెండుసార్లు రాయడానికి కారణం ఉంది. పొడిగా బిగిస్తే రాపిడికి వేడి పుడుతుంది, ఆ వేడికి నైలాన్ పైపొర దెబ్బతింటుంది. కంటికి ఏమీ కనిపించదు గానీ ముడి సగం బలానికే తెగవచ్చు. చెరువు నీళ్ళలో ముంచితే సరిపోతుంది.

దారం తెగినప్పుడు తిట్టుకోకుండా కొసను చూడండి. పంది తోకలా సుడి తిరిగి ఉంటే ముడి జారిపోయింది, అంటే చుట్లు తక్కువ లేదా బిగింపు చాలలేదు. కొసకు ముందు అంగుళం మేర గరుకుగా, తెల్లగా ఉంటే రాయికో కట్టెకో రాసుకుంది. అప్పుడు కనీసం ఒక మీటరు కత్తిరించి మళ్ళీ ముడి వేయండి. నున్నగా తెగి ఉంటే పళ్ళున్న చేపో, పగిలిన రింగో అనుకోవాలి.

డ్రాగ్ కొలిచి పెట్టడం

చేత్తో లాగి సరిగ్గానే ఉందనుకోవడం దాదాపు ఎప్పుడూ తప్పే. చేతికి ఒక కిలో, రెండు కిలోల తేడా తెలియదు. స్ప్రింగ్ త్రాసు వాడండి. దారం కొసను త్రాసు కొక్కేనికి కట్టి, రాడ్‌ను నేలకు 45 డిగ్రీల కోణంలో పట్టుకోండి. ఇంకొకరు త్రాసును నిదానంగా వెనక్కి లాగాలి. దారం జారడం మొదలైన క్షణంలో త్రాసు చూపే బరువే డ్రాగ్ బరువు. అది దారం బలంలో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉండాలి. నాలుగు కిలోల దారానికి ఒక కిలో దగ్గర పెట్టుకోండి.

అంత తక్కువ ఎందుకంటే ముడి దగ్గర బలం తగ్గుతుంది, తడిసిన నైలాన్‌లో ఇంకొంత పోతుంది, చేప చటుక్కున దూకినప్పుడు క్షణంపాటు లాగుడు రెట్టింపవుతుంది. మూడు కిలోల లీడర్ మీద ఈ నష్టాలన్నీ కలిసినా ఒక కిలోకు జారే డ్రాగ్ దాన్ని కాపాడుతుంది. చేప ఉండగా డ్రాగ్‌ను ఇంకా బిగించాలనిపిస్తుంది. పోయే చేపల్లో ఎక్కువ భాగం ఆ క్షణంలోనే పోతాయి.

గాలం, గుండు

గాలాల సైజుల్లో లెక్క రెండు దిక్కులుగా నడుస్తుంది. మామూలు అంకెల్లో అంకె పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. 10వ నంబరు 6 కంటే చిన్నది. 1 తరవాత 1/0, 2/0 అని మొదలై అక్కడినుంచి అంకెతోపాటు గాలమూ పెరుగుతుంది. ఎర్రలు, పిండి ఎరలకు 6, 8, 10 నంబర్లు చాలు. ఎరను బట్టి గాలం ఎంచుకోండి, చేపను బట్టి కాదు. మొన బయటికి కనిపించాలి. ఎర్రను పూర్తిగా ముద్దలా గుచ్చి మొన కప్పేస్తే చేప ఎర నమిలి వదిలేస్తుంది.

మొన పదును చూడటానికి గోరు మీద మెల్లగా గీయండి. గుచ్చుకుని ఆగితే పదునుంది. జారిపోతే పారేయండి, లేదా సన్నని ఆకురాయితో రాయండి. పట్టిన చేపను తిరిగి వదిలేవాళ్ళు పటకారుతో ఎదురుముల్లును (మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు) నొక్కేస్తే చేప నోటికీ మన వేలికీ కూడా మంచిది.

గుండ్లు ఇప్పటికీ ఎక్కువగా సీసానివే. సీసం విషం. గుండ్లను పళ్ళతో నొక్కే అలవాటు మానుకోండి, పటకారు వాడండి. నీటిలో పడిపోయిన చిన్న గుండ్లను పక్షులు గులకరాళ్ళనుకుని మింగి చచ్చిపోతాయి. హంసలు అలా చనిపోతుండటంతో బ్రిటన్‌లో 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల మధ్య బరువుండే సీసపు గుండ్లను 1987లో నిషేధించారు. తగరం, టంగ్‌స్టన్ గుండ్లు దొరికితే అవి తీసుకోండి.

మొదటి అమరిక: బెండు

దీనితోనే మొదలుపెట్టమని గట్టిగా చెబుతాం. నీటి కింద జరిగేది కంటికి చూపించే సాధనం బెండొక్కటే.

బెండు మీద అది మోసే బరువు రాసి ఉంటుంది. నాలుగు గ్రాములది అనుకుందాం. ఇది రాడ్ కనీస బరువు కంటే తక్కువ కదా అనిపించవచ్చు, నిజమే. ఒడ్డు దగ్గర వేయడానికి ఫరవాలేదు. దూరం కావాలంటే అడుగున బరువు పోసి ఉన్న బెండు తీసుకోండి.

అడుగున రింగున్న బెండులోంచి దారం దూర్చి, దానికి రెండువైపులా స్ప్లిట్ షాట్ అనే చీలిక గుండ్లు నొక్కి నిలబెట్టండి. మొత్తం బరువులో ముప్పావు వంతు ఇక్కడే ఉండాలి. మిగిలిన పావు వంతును చిన్న గుండ్లుగా కిందికి దూరం దూరంగా పెట్టి, చివరిదాన్ని గాలానికి 15 నుంచి 20 సెం.మీ. పైన నొక్కండి. బరువంతా కిందే పెడితే విసిరినప్పుడు గుండ్లు బెండును దాటి తిరిగి దారంలో చిక్కుకుంటాయి. గుండును దారం మీద జరపాలంటే విప్పి జరపండి, బిగిసి ఉండగా లాగితే దారం గీరుకుపోతుంది.

బకెట్ నీళ్ళలో వేసి చూడండి. బెండు కొన ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే పైకి కనిపించాలి. ఎక్కువ పైకి తేలుతుంటే చేపకు లాగేటప్పుడు బరువు తగిలి ఎర వదిలేస్తుంది.

ఇక లోతు. గాలానికి పెద్ద గుండు ఒకటి తగిలించి, వేయాలనుకున్న చోట వేయండి. బెండు మునిగిపోతే లోతు తక్కువ పెట్టారు, బెండును పైకి జరపండి. బెండు అడ్డంగా పడుకుంటే లోతు ఎక్కువైంది, కిందికి జరపండి. కొన మాత్రం కనిపించేలా నిలబడితే గాలం సరిగ్గా అడుగున ఉన్నట్టు. అక్కడినుంచి 5 సెం.మీ. తగ్గిస్తే ఎర అడుగుకు కాస్త పైన ఆడుతుంది. చుట్టుపక్కల మూడు నాలుగు చోట్ల ఇలా కొలిస్తే గట్టు ఎక్కడ దిగుతోందో, గుంట ఎక్కడుందో తెలిసిపోతుంది. ఈ పదినిమిషాల పని రోజంతా ఊరికే కూర్చోవడం కంటే విలువైనది.

బెండు మునగడం ఒక్కటే సూచన కాదు. అడుగున ఎర తిన్న చేప తల పైకెత్తితే చివరి గుండు బరువు తగ్గి బెండు పైకి లేస్తుంది, ఒక్కోసారి పడుకుంటుంది. పక్కకు నెమ్మదిగా జరిగినా చేపే. వణికి ఆగిపోతూ ఉంటే చిన్న చేపలు ఎర కొరుకుతున్నాయి, గాలం ఒక సైజు తగ్గించండి.

లోతు రాడ్ పొడవును మించితే బిగించిన బెండుతో విసరలేం. అప్పుడు జారే బెండు. విడి దారపు ముక్కతో అసలు దారం మీద యూని ముడి వేసి, కొసలు రెండు సెంటీమీటర్లు వదలండి. మరీ పొట్టిగా కత్తిరిస్తే బిరుసు కొసలు రింగుల్లో తగులుకుంటాయి. దాని కింద చిన్న పూస, తరవాత బెండు, గుండ్లు, స్వివెల్, 40 సెం.మీ. లీడర్, గాలం. విసిరేటప్పుడు బెండు కిందికి జారి ఉంటుంది. నీళ్ళలో పడ్డాక గుండ్లు దారాన్ని లాక్కుపోతాయి, ముడి పూసకు తగిలినచోట లోతు ఆగుతుంది.

రెండో అమరిక: అడుగున గుండు

అసలు దారంలోకి రంధ్రమున్న 15 గ్రాముల గుండు, తరవాత ముడిని కాపాడే పూస ఎక్కించి, స్వివెల్ కట్టండి. స్వివెల్ రెండో కన్నుకు 50 సెం.మీ. లీడర్, దాని చివర గాలం. చేప ఎర పట్టుకుని కదిలితే దారం గుండులోంచి జారుతుంది, దానికి బరువు తెలియదు.

ప్రవాహంలో గుండు దొర్లిపోతుంటే అయిదేసి గ్రాములు పెంచుతూ నిలబడేదాకా చూడండి. గుండ్రటి గుండు దొర్లుతుంది, బల్లపరుపుది నిలుస్తుంది. అడుగున బురద ఎక్కువుంటే తేలికది వాడి లీడర్ పొడవు పెంచండి. పళ్ళున్న చేపలుంటే లీడర్ బదులు 20 నుంచి 30 సెం.మీ. సన్నని తీగ కట్టాలి.

రాడ్‌ను స్టాండు మీద పెట్టి వదిలేసేటట్టయితే డ్రాగ్ బాగా వదులు చేయండి. లేకపోతే చేప రాడ్‌ను నీళ్ళలోకి లాక్కుపోతుంది.

విసరడం

ముందు తల తిప్పి వెనక, తల ఎత్తి పైన చూడండి. కార్బన్ రాడ్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. కరెంటు తీగల కింద గాలం వేయకండి. ఉరుము వినిపిస్తే రాడ్ కింద పెట్టి దూరంగా వెళ్ళండి.

కొన నుంచి 40 సెం.మీ. దారం వేలాడనివ్వండి. లైన్ రోలర్‌ను పైకి తెచ్చి, చూపుడువేలి కొసతో దారాన్ని పట్టుకుని, రెండో చేత్తో బెయిల్ ఎత్తండి. రాడ్‌ను భుజం మీదుగా వెనక్కి తీసుకెళ్ళి ఒక్క క్షణం ఆగండి. బరువుకు రాడ్ వంగాలి. ముందుకు కొట్టి, కొన కంటి ఎత్తు కంటే కాస్త పైన ఉండగా వేలు వదలండి. ఎర కాళ్ళ దగ్గర ధబ్బున పడితే వేలు ఆలస్యంగా వదిలారు. ఆకాశంలోకి లేచి దగ్గర్లో పడితే తొందరగా వదిలారు. బలం పెంచడం దేనికీ మందు కాదు.

ఎర నీటిని తాకగానే బెయిల్‌ను చేత్తో మూయండి. హ్యాండిల్ తిప్పి మూస్తే రోలర్ దగ్గర వదులు చుట్టలు పడి, తరవాతి విసురులో అవే ముడులవుతాయి. మూశాక దారాన్ని వేలితో ఒకసారి బిగువుగా లాగండి.

చేప తగిలాక

రాడ్‌ను 45, 60 డిగ్రీల మధ్య ఉంచండి. నిటారుగా, ఇంకా వెనక్కి ఎత్తితే బరువంతా సన్నని కొన మీద పడి అది విరుగుతుంది. రాడ్ ఎత్తి చేపను దగ్గరికి తెచ్చి, దించుతూ దారం చుట్టండి.

డ్రాగ్ జారుతున్నప్పుడు హ్యాండిల్ తిప్పకండి. దారం లోపలికి రాదు సరికదా, 5.2:1 రీల్‌లో ఒక్క తిప్పుకు అయిదు మెలికలు దారంలోకి ఎక్కుతాయి. పదిసార్లు తిప్పితే యాభై. ఇలా మెలికలు ఎక్కిన దారాన్ని బాగుచేయాలంటే గాలం, గుండు అన్నీ విప్పేసి వట్టి దారాన్ని 50 మీటర్ల దాకా ప్రవాహంలో వదిలి, అయిదు నిమిషాలు ఆగి, తడిగుడ్డ మధ్యనుంచి చుట్టుకోండి.

గాలం రాయికో కట్టెకో తగులుకుంటే రాడ్‌తో పెరకకండి. రాడ్‌ను దారంతో ఒకే గీతలోకి తిప్పి, స్పూల్‌ను అరచేత్తో పట్టుకుని వెనక్కి నడవండి, ముఖం పక్కకు తిప్పుకోండి. అలా ఊడిన గుండు రాయిలా దూసుకొస్తుంది. దారాన్ని చేతికి చుట్టుకోవద్దు. అల్లిన దారమైతే కర్ర ముక్కకు చుట్టి లాగండి. గాలం వేలిలో ఎదురుముల్లు దాకా దిగినా, కంటి దగ్గరో కీలు దగ్గరో గుచ్చుకున్నా అక్కడే లాగే ప్రయత్నం చేయకుండా దారం కత్తిరించి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇంటికొచ్చాక

ఉప్పునీటిలో వాడితే డ్రాగ్ బిగించి, మంచినీళ్ళు సన్నని ధారగా పోస్తూ రీల్ కడగండి. వదులుగా ఉంటే నీళ్ళు డ్రాగ్ లోపలి రేకుల్లోకి పోతాయి, గట్టిగా కొడితే ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి దాచండి. నొక్కి ఉంచిన రేకులు అతుక్కుపోయి, తరవాత కుదుపులతో జారతాయి.

తరచుగా వెళ్ళేవాళ్ళు నైలాన్ దారాన్ని ఏడాదికోసారి మార్చాలి. వేళ్ళ మధ్య లాగితే గరుకుగా తగిలినా, తెల్లబారినా అంతకంటే ముందే. పాత దారం నేలలో గానీ నీళ్ళలో గానీ ఏళ్ళతరబడి అలాగే ఉండి పక్షుల కాళ్ళకు చుట్టుకుంటుంది. చేతి పొడవు కంటే చిన్న ముక్కలుగా కత్తిరించి మూతున్న డబ్బాలో వేసి పారేయండి. ఒడ్డున కత్తిరించిన కొసలకు కూడా సంచిలో ఒక చిన్న సీసా ఉంచుకోండి.